"ల" అంటే భూతకాలం కాదు: చైనీస్‌లో ల, గ్వొ, జ, ౙై ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసెయ్యాలి

మీ ప్రశ్న ఇది: మాండరిన్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదైంది, హెచ్ఎస్‌కే (చైనీస్ భాషా పరీక్ష) మూడో స్థాయికి చదువుతున్నారు. జరిగిపోయిన పని కనిపించిన ప్రతిచోటా "ల" తగిలిస్తున్నారు, అందులో సగం తప్పని దిద్దుతున్నారు. గ్వొ, జ, ౙై అనే మిగతా మూడింటికీ దీనికీ తేడా అంతుపట్టడం లేదు. తప్పని కొట్టేసిన నాలుగు వాక్యాలు కూడా ఇచ్చారు:

1. వొ మేయ్ ఛ్యు ల (నేను వెళ్ళలేదు అని మీ ఉద్దేశం)
2. ౙ్వొథ్యెన్ హన్ లంగ్ ల (నిన్న బాగా చలిగా ఉంది)
3. ని షన్‌మ షిహోవ్ లై ల? (నువ్వు ఎప్పుడొచ్చావు?)
4. వొ ౙై జు ౙై హైదలాబా (నేను హైదరాబాదులో ఉంటున్నాను)

ముందు సూటిగా జవాబు. చైనీస్ క్రియకు కాలం లేదు. పని నిన్న జరిగిందా, రేపు జరుగుతుందా అన్నది "నిన్న", "రేపు" లాంటి మాటలు చెబుతాయి, లేదా సందర్భం చెబుతుంది. ఈ నాలుగు గుర్తులు చెప్పేది వేరు: పని ఏ దశలో ఉంది అని. క్రియ తర్వాత వచ్చే "ల" పని జరిగిపోయిందంటుంది. వాక్యం చివర వచ్చే "ల" పరిస్థితి మారిందంటుంది. "గ్వొ" ఆ అనుభవం ఎప్పుడో అయిందంటుంది. "జ" ఆ స్థితి అలాగే నిలిచి ఉందంటుంది. "ౙై" పని నడుస్తోందంటుంది. దీన్నే ఆస్పెక్ట్ అంటారు.

రెండో మాట. మీరు దీన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నట్టున్నారు. తెలుగు మీదుగా రండి. తినేశాడు, తిని ఉన్నాడు, తింటూ ఉన్నాడు, తినేవాడు, వెళ్ళొచ్చాడు... ఈ తేడాలన్నీ మనం రోజూ నోటితో చేసేవే. ఇంగ్లీషుకు అందని కొన్ని చైనీస్ వాక్యాలు తెలుగులోకి అచ్చుగుద్దినట్టు దిగుతాయి. తెలుగే మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, వాటినీ చెబుతాను.

రాత గురించి చిన్న గమనిక. "ల"ని లె అనకండి. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, దీన్ని le అని రాస్తారు; ఆ e చూసి అందరూ చేసే పొరపాటు అది. మన "ల"కే దగ్గర, తేలిగ్గా, స్వరం (టోన్, అంటే గొంతు ఎత్తడం, దించడం) లేకుండా పలకాలి. "జ" కూడా అంతే, కాకపోతే నాలుక వెనక్కి మడవాలి. "ౙై"లో ఉన్నది జడ, జల్లెడల్లో పలికే జ. ఇది నాలుగో స్వరం, పై నుంచి కిందికి పడుతుంది.

"లేదు" వస్తే "ల" పోతుంది

మీ మొదటి వాక్యం ఇక్కడే తేలిపోతుంది. తెలుగులో "తిన్నాను"కి వ్యతిరేకం ఏమిటి? "తినలేదు". "తిన్నాను"లో జరిగిపోయిందని చెప్పే ముక్క "తినలేదు"లో ఎక్కడా లేదు. "తిన్నాలేదు" అని ఎవరూ అనరు. చైనీస్ కూడా అదే చేస్తుంది: "వొ ఛి-ల" (తిన్నాను), "వొ మేయ్ ఛి" (తినలేదు). జరగని పనికి జరిగిపోయిన గుర్తు పెట్టడం కుదరదు కాబట్టి "ల" ఎగిరిపోతుంది. మీ వాక్యం "వొ మేయ్ ఛ్యు" అయితే చాలు.

ఇంకో పోలిక చూడండి. "మేయ్‌యొవ్" అంటే "లేదు". "వొ మేయ్‌యొవ్ షూ" అంటే నా దగ్గర పుస్తకం లేదు. "వొ మేయ్‌యొవ్ ఛి" అంటే నేను తినలేదు. వస్తువు లేకపోవడానికీ పని జరగకపోవడానికీ తెలుగులో ఒకే మాట, చైనీస్‌లోనూ ఒకే మాట. "బు" మాత్రం మన "కాదు", "తినను"ల వైపు: "బు షి" కాదు, "బు ఛి" తినను. ఈ ఒక్క జత పట్టుకుంటే మేయ్, బు మధ్య తికమక చాలావరకు పోతుంది. ప్రశ్న అడిగే తీరు కూడా కలుస్తుంది: "ఛి-ల మేయ్‌యొవ్?" అంటే "తిన్నావా లేదా?"

రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, "ఇన్నాళ్ళుగా జరగలేదు" అన్నప్పుడు మేయ్‌తో పాటు చివర "ల" వస్తుంది: "వొ సాన్ థ్యెన్ మేయ్ ఛి ఫాన్ ల", మూడు రోజులుగా అన్నం తినలేదు. ఇక్కడ "ల" తినడానికి సంబంధించింది కాదు, లెక్క ఇప్పటికి మూడు రోజులకు చేరిందని చెబుతోంది. రెండోది, "బు"తో చివర "ల" వస్తే "ఇక" అని అర్థం: "వొ బు ఛ్యు ల" అంటే నేనిక వెళ్ళను, మానేశాను. "వొ బు ఛి ల" అంటే ఇక చాలు, తినను. పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించబోతే చెయ్యి అడ్డుపెట్టి అనే మాట ఇదే.

ఇక్కడో చిన్న గోతి. తెలుగులో "నేను మాంసం తినడం లేదు" అంటే చాలాసార్లు "ఈమధ్య మానేశాను" అని భావం. అందులో "లేదు" కనిపించింది కదా అని "మేయ్" పెడితే "మాంసం తినలేదు" అని ఒక్కసారి మాట అయిపోతుంది. మీకు కావాల్సింది "వొ బు ఛి రొవ్ ల".

"ల" ఒకటి కాదు, రెండు

అక్షరం ఒకటే, పలకడం ఒకటే, పనులు మాత్రం రెండు. చైనీస్ వ్యాకరణాల్లో వీటికి ఒకటి, రెండు అని అంకెలు వేసి విడదీస్తారు.

మొదటి "ల" క్రియకు అంటుకుని వస్తుంది. "వొ మై-ల సాన్ బన్ షూ", మూడు పుస్తకాలు కొన్నాను. లెక్క ఉంది, పని ముగిసింది, వాక్యం నిండుగా ఉంది. లెక్క తీసేసి "వొ మై-ల షూ" అని ఆపితే చైనీయుల చెవికి "పుస్తకాలు కొని..." అన్నట్టు వినిపిస్తుంది. తర్వాత ఏంటి అని ఎదురుచూస్తారు. మామూలుగా "పుస్తకాలు కొన్నాను" అని చెప్పి ఊరుకోవాలంటే "ల"ని చివరికి నెట్టండి: "వొ మై షూ ల". కర్మకు అంకె గానీ "ఆ, ఈ" లాంటి గురుతు గానీ ఉంటే "ల" క్రియ పక్కన, కర్మ ఒంటరిగా ఉంటే వాక్యం చివర. ఇది కచ్చితమైన సూత్రం కాదు, కానీ రాతలో చాలా తప్పులు ఆపుతుంది.

ఆ "కొని..." అనే భావం వ్యర్థం కాదు, దానికీ ఒక చోటుంది. "థా మింగ్‌థ్యెన్ ఛి-ల ఫాన్ జ్యొవ్ ౙొవ్" అంటే రేపు అతను అన్నం తిని వెళ్ళిపోతాడు. ఉన్నది రేపు, వచ్చింది "ల". "ల" భూతకాలం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మన "తిని"లో కూడా కాలం లేదు చూడండి: నిన్న తిని వెళ్ళాడు, రేపు తిని వెళ్తాడు. "క్లాసు అయిపోగానే వస్తాను" అన్నా ఇదే అచ్చు: "శ్యా-ల ఖ జ్యొవ్ లై".

రెండో "ల" వాక్యం మొత్తానికి చివర కూర్చుంటుంది. ఇంతకుముందు అలా లేదు, ఇప్పుడు ఇలా ఉంది అని చెబుతుంది. "శ్యా య్యు ల": వానొచ్చింది. వాన ఆగిపోయిందని కాదు, ఇప్పుడే మొదలైంది. "థ్యెన్ లంగ్ ల": చలి మొదలైంది. బస్సు ఇంకా మలుపులోనే ఉంటుంది, స్టాపులో ఎవరో "బస్సొచ్చేసింది" అంటారు. చైనాలో "ఛ లై ల" అంటారు. తలుపు కొడితే లోపలినుంచి మనం "వస్తున్నా వస్తున్నా" అంటాం, వాళ్ళు "లై ల, లై ల" అంటారు. ఇంగ్లీషు పట్టుకుని "వచ్చాను" అని అర్థం చేసుకుంటే అది వింతగా కనిపిస్తుంది. పరిస్థితి మారిందని అర్థం చేసుకుంటే వింతేమీ లేదు. జరగబోయేదానికీ ఇదే "ల": "యావ్ శ్యా య్యు ల" అంటే వాన వచ్చేలా ఉంది.

రెండూ ఒకే వాక్యంలో వస్తే ఏమవుతుందో చూడండి, ఈ జత బాగా పనికొస్తుంది:

"వొ శ్యుయె-ల ల్యాంగ్ న్యెన్ జోంగ్‌వన్": రెండేళ్ళు చైనీస్ చదివాను. ఇప్పుడు చదువుతున్నానో లేదో చెప్పలేదు, మామూలుగా మానేశారనే అనుకుంటారు.

"వొ శ్యుయె-ల ల్యాంగ్ న్యెన్ జోంగ్‌వన్ ల": రెండేళ్ళుగా చదువుతున్నాను. లెక్క ఇప్పటికి రెండుకు వచ్చింది, ఇంకా సాగుతుంది.

"రెండేళ్ళు", "రెండేళ్ళుగా" మధ్య ఆ "గా" చేసే పనే చివరి "ల" చేస్తోంది. తెలుగులో క్రియ "చదువుతున్నాను" అని ఉంది కదా అని ఇక్కడ "ౙై" దూర్చే వాళ్ళున్నారు. "వొ ౙై శ్యుయె-ల ల్యాంగ్ న్యెన్" అనేది పూర్తిగా తప్పు. నడుస్తున్న పనిని చూపే ౙై, కొలిచి చూపే "ల" ఒకే క్రియ మీద కుదరవు.

గతం అయినా "ల" రాని చోట్లు

మీ రెండో వాక్యం ఇక్కడికి వస్తుంది. నిన్న చలిగా ఉండటం స్థితి, పని కాదు. స్థితికి జరిగిపోవడమనేది లేదు. "ౙ్వొథ్యెన్ హన్ లంగ్", అంతే. అక్కడ "ల" పెడితే "నిన్న చలి మొదలైంది" అన్న భావం వచ్చిపడుతుంది, దాని పక్కన "హన్" (బాగా) అస్సలు ఇమడదు. షి (అవడం), యొవ్ (ఉండటం), శిహ్వాన్ (ఇష్టం), జిదావ్ (తెలియడం), జ్యుయెద (అనిపించడం) ఇవన్నీ ఇదే కోవ. నిన్నటి సంగతి చెప్పినా వీటికి "ల" అక్కర్లేదు. పెట్టారంటే అర్థం మారుతుంది: "వొ జిదావ్" నాకు తెలుసు, "వొ జిదావ్ ల" సరే, తెలిసింది, అర్థమైంది.

అలవాటుగా జరిగిన పనికీ "ల" రాదు. దీనికి తెలుగులో తిరుగులేని పరీక్ష ఉంది. మీ వాక్యం తెలుగులో "-ఏవాణ్ణి, -ఏదాన్ని, -ఏవాళ్ళం" అని ముగిస్తే "ల" కొట్టెయ్యండి. చిన్నప్పుడు తరచూ చేపలు తినేవాణ్ణి: "వొ శ్యావ్ షిహోవ్ ఛాంగ్‌ఛాంగ్ ఛి య్యు". ఎక్కడా "ల" లేదు.

ఇంకా రెండు. "అన్నాడు" అని చెప్పి అతని మాటలు చెప్పేటప్పుడు: "థా ష్వొ థా బు లై", తను రానన్నాడు. "ష్వొ" పక్కన "ల" పెట్టరు. తెలుగులో "అన్నాడు" గట్టిగా వినిపిస్తుంది కాబట్టి మనవాళ్ళు తప్పకుండా పెడతారు. అలాగే "వెళ్ళి కొన్నాను" లాంటి వాక్యంలో మొదటి క్రియ ఖాళీగా ఉంటుంది: "వొ ఛ్యు షాంగ్‌ద్యెన్ మై-ల సాన్ బన్ షూ", కొట్టుకెళ్ళి మూడు పుస్తకాలు కొన్నాను. వెళ్ళింది కొనడానికే కాబట్టి అసలు పని కొనడమే, "ల" దానికే. తెలుగులోనూ కాలం చివరి క్రియకే కదా పెడతాం.

నువ్వొచ్చింది ఎప్పుడు?

మూడో వాక్యం మీరు ఊహించని చోట తప్పింది. అతను మీ ఎదురుగా ఉన్నాడు, వచ్చాడని మీకు తెలుసు. తెలియనిది ఎప్పుడన్నది మాత్రమే. జరిగిందని ఇద్దరికీ తెలిసిన పని గురించి ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎవరితో అని అడిగినా చెప్పినా చైనీస్ "ల"ని పక్కనపెట్టి "షి... ద" వాడుతుంది: "ని షి షన్‌మ షిహోవ్ లై ద?"

తెలుగులో దీనికి జంట ఉంది. "నువ్వొచ్చింది ఎప్పుడు?" "నేనొచ్చింది రైల్లో." ఈ "వచ్చింది" అనే నామరూపమే "లై ద". రైల్లో వచ్చాను అనడానికి "వొ షి ౙ్వొ హ్వొఛ లై ద". వాక్యాన్ని "...ంది ఎప్పుడు, ...ంది ఎక్కడ" అని తిప్పగలిగితే షి... ద వాడండి. "ల" వాడితే వ్యాకరణం విరిగిపోయినట్టు వినిపించకపోవచ్చు, కానీ వాళ్ళు అలా అడగరు.

గ్వొ: వెళ్ళాడా, వెళ్ళొచ్చాడా

"థా ఛ్యు-ల జోంగ్‌గ్వొ": చైనా వెళ్ళాడు. ఇప్పుడిక్కడ లేడు.
"థా ఛ్యు-గ్వొ జోంగ్‌గ్వొ": చైనా వెళ్ళొచ్చాడు. కనీసం ఒకసారైనా.

"వెళ్ళొచ్చాడు", "వచ్చి వెళ్ళాడు" అనే తెలుగు జంట క్రియలు గ్వొకి చక్కటి తూకం. "థా లై-ల" వచ్చాడు, ఉన్నాడు. "థా లై-గ్వొ" వచ్చి వెళ్ళాడు. పని జరిగింది, దాని ఫలితం ఇప్పుడు లేదు, అనుభవం మిగిలింది. కాలు విరిగిన ఉదాహరణ అందుకే పాఠాల్లో తరచూ కనిపిస్తుంది: "థ్వేయ్ ద్వాన్ ల" అంటే కాలు విరిగింది, ఆస్పత్రికి పదండి. "థ్వేయ్ ద్వాన్-గ్వొ" అంటే ఒకప్పుడు విరిగింది, అతుక్కుంది. తెలుగులో రెండింటికీ "విరిగింది" అనే అంటాం, "ఒకప్పుడు" చేర్చి సరిపెట్టుకుంటాం. చైనీస్‌లో ఆ తేడా గుర్తులోనే ఉంది.

దీంతో ఒక షరతు వస్తుంది: మళ్ళీ జరగడానికి వీలున్న పనికే గ్వొ. చనిపోవడం, ముసలివాడవడం లాంటివాటికి పెడితే నవ్వొస్తుంది. వ్యతిరేకంలో మాత్రం గ్వొ పోదు: "మేయ్ ఛ్యు" వెళ్ళలేదు (మొన్న రమ్మన్నారు, వెళ్ళలేదు), "మేయ్ ఛ్యు-గ్వొ" ఎప్పుడూ వెళ్ళలేదు. అంటే మేయ్ ముందు ఎగిరిపోయేది క్రియ పక్కనుండే "ల" ఒక్కటే. గ్వొ, జ నిలబడతాయి. దీన్ని విడిగా రాసిపెట్టుకోండి, పరీక్షలో తరచూ అడిగే చోటు.

"ఛి-గ్వొ ఫాన్ ల" అని కూడా వింటారు. అది "జీవితంలో ఎప్పుడో అన్నం తిన్నాను" కాదు! "భోజనం అయిందండీ" అని. రోజూ ఉండే పని ఇవాళ్టికి అయిపోయిందని చెప్పే ఇంకో గ్వొ అది. పక్కన "ల" కూడా వచ్చిందంటే సాధారణంగా ఇదే.

జ, ౙై: వేసుకుని ఉన్నాడు, వేసుకుంటున్నాడు

ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకే రూపం, అందుకే అక్కడినుంచి వచ్చేవాళ్ళకు ఇది కొండ. మనకు కాదు. "థా ౙై ఛ్వాన్ యీఫు" బట్టలు వేసుకుంటున్నాడు, చెయ్యి ఇంకా చొక్కాలోకి దూరుస్తున్నాడు. "థా ఛ్వాన్-జ హోంగ్ యీఫు" ఎర్ర బట్టలు వేసుకుని ఉన్నాడు. ౙై క్రియకు ముందు, జ క్రియకు వెనుక.

"-ఇ ఉంది" అన్న తెలుగు వాక్యం దాదాపు ఎప్పుడూ జ అవుతుంది. తలుపు తెరిచి ఉంది: "మన్ ఖై-జ". తలుపు మీద రాసి ఉంది: "మన్ షాంగ్ శ్యె-జ". గోడకు ఒక బొమ్మ తగిలించి ఉంది: "ఛ్యాంగ్ షాంగ్ గ్వా-జ యీ జాంగ్ హ్వా". ఎవరు తగిలించారన్న ఊసే లేకుండా చోటు ముందు, స్థితి తర్వాత, వస్తువు చివర. తెలుగు వరుస కొద్దిగా వేరు, క్రియ చివరికి వెళ్తుంది. భావం మాత్రం ఒకటే.

ఇప్పుడు మోసం చేసే తెలుగు. "కూర్చున్నాడు" అంటే కూర్చునే పని జరిగిందా, కూర్చుని ఉన్నాడా? రెండూ అంటాం. పడుకున్నాడు, నిలబడ్డాడు, టోపీ పెట్టుకున్నాడు, అన్నీ అంతే. "వాడేడీ? అక్కడ కూర్చున్నాడు" అన్నప్పుడు మీ చెయ్యి అలవాటుగా "ల" రాసేస్తుంది. కావాల్సింది "ౙ్వొ-జ". కూర్చున్నాడు అన్న చోట "కూర్చుని ఉన్నాడు" అని పెట్టి చూడండి. కుదిరితే జ, కుదరకపోతే ల. కూర్చునే కదలికనే చెప్పాలంటే "ౙ్వొ-శ్యా ల".

రెండో మోసం "-ఇ" రూపంలో ఉంది. "తిని వెళ్ళాడు"లో "తిని"కి "ల" అని పైన చెప్పాను. "నిలబడి తిన్నాడు"లో "నిలబడి"కి మాత్రం జ: "జాన్-జ ఛి". మొదటిదాంట్లో ఒక పని అయ్యాక ఇంకోటి. రెండోదాంట్లో రెండూ ఒకేసారి, నిలబడటం తినే తీరు చెబుతోంది. "నవ్వుతూ అన్నాడు" కూడా జ లోకే వస్తుంది: "శ్యావ్-జ ష్వొ". తెలుగు ఇక్కడ భంగిమకు "-ఇ", కదలికకు "-తూ" అని రెండు వాడుతుంది, చైనీస్‌కు ఒకటే.

జ పక్కన కొలత పెట్టకండి. మూడు గంటలు కూర్చున్నాను అంటే "ౙ్వొ-ల సాన్ గ శ్యావ్‌షి". "ౙ్వొ-జ సాన్ గ శ్యావ్‌షి" కుదరదు. ఎంతసేపు అన్న లెక్క వచ్చిందంటే "ల" వచ్చిందన్నమాట.

ౙై విషయంలో మన సమస్య అతిగా వాడటం. తెలుగు "-తున్నాను" మూడు పనులు చేస్తుంది: ఈ క్షణాన చేస్తున్నది (తింటున్నాను), కొంతకాలంగా ఉన్న పరిస్థితి (బ్యాంకులో పనిచేస్తున్నాను), ఖాయమైన రేపటి పని (రేపు వెళ్తున్నాను). ౙై మొదటిదానికే. మూడోదానికి ఉత్త క్రియ చాలు: "వొ మింగ్‌థ్యెన్ ఛ్యు". రెండోదానికీ మామూలుగా ఉత్త క్రియే: "వొ ౙై యిన్‌హాంగ్ గోంగ్‌ౙ్వొ". ఇందులో కనిపిస్తున్న ౙై "బ్యాంకులో" అనే "లో", నడుస్తున్న పని గుర్తు కాదు. రెండు ౙైలూ ఒకేసారి అవసరమైనా ఒక్కటే చెబుతారు: "థా ౙై జ్యా ఖాన్ షూ" అంటే ఇంట్లో పుస్తకం చదువుతున్నాడు. "ౙై ౙై" అని ఎవరూ అనరు.

అంటుకున్నట్టు కనిపించే క్రియలు

పరీక్ష పేపర్లలో ఎక్కువ మార్కులు పోయే చోటు ఇది, పాఠాల్లో మాత్రం ఆలస్యంగా వస్తుంది. షుయ్‌జ్యావ్ (నిద్రపోవడం), జ్యెహున్ (పెళ్ళి చేసుకోవడం), జ్యెన్‌మ్యెన్ (కలుసుకోవడం) చూడ్డానికి ఒకే మాటలు, నిజానికి క్రియ, కర్మ పక్కపక్కన ఉన్నవి. మన "పెళ్ళి చేసుకొను" లాంటివే, వరుస మాత్రం తిరగబడింది. గుర్తు మధ్యలో దూరుతుంది: "జ్యె-గ్వొ హున్", "షుయ్-ల బా గ శ్యావ్‌షి జ్యావ్" (ఎనిమిది గంటలు నిద్రపోయాను), "జ్యెన్-ల యీ త్స్‌ మ్యెన్" (ఒకసారి కలిశాను). గ్వొని గానీ, లెక్కను గానీ చివర్లో అతికిస్తే తప్పు. పరిస్థితి మారిందని చెప్పే రెండో "ల" మాత్రం ఎప్పటిలాగే చివరే వస్తుంది: "జ్యెహున్ ల". కొత్త క్రియ రాసుకునేటప్పుడే మధ్యలో చిన్న అడ్డగీత గీసి రాసుకోండి.

దీని పక్కనే ఫలితం చెప్పే జతలు. "వెతికాను, దొరకలేదు" అని మనం రెండు క్రియలతో చెబుతాం. "జావ్-ల బాన్‌థ్యెన్, మేయ్ జావ్‌దావ్": చాలాసేపు వెతికాను, దొరకలేదు. "ల" పని చేశామంటుంది, ఫలితం వచ్చిందని హామీ ఇవ్వదు. విన్నాను, వినబడింది, చూశాను, కనబడింది. ఈ రెండో మాటలకు చైనీస్‌లో థింగ్‌జ్యెన్, ఖాన్‌జ్యెన్. "తినేశాను" అన్నప్పుడు ఆ "-ఏశ్" భావం ఉత్త "ల"లో సరిగా దిగదు, "ఛి-వాన్ ల" అనాలి. ఈ "ల" కూడా పూర్వం "ల్యావ్", అంటే ముగియడం, అనే పూర్తి క్రియ నుంచి అరిగి వచ్చిందే. మన "వేయు" అనే క్రియ "తినేశాను"లో అరిగి తోకలా మిగిలినట్టు. ఆ పాత ఉచ్చారణ ఇప్పటికీ "ఛి-బు-ల్యావ్" (తినలేను) లాంటి మాటల్లో బతికే ఉంది, అక్షరం అదే. చదివేటప్పుడు అక్కడ "ల" అనకండి.

సాధన

వాక్యాలు బట్టీ పట్టడం కంటే ఒకే క్రియను అన్ని గుర్తులతోనూ తిప్పడం మంచిది. రోజుకు ఒక్క క్రియ చాలు. ఛ్వాన్ (వేసుకోవడం)తో చేసి చూపిస్తాను:

ౙై ఛ్వాన్: వేసుకుంటున్నాడు
ఛ్వాన్-జ: వేసుకుని ఉన్నాడు
ఛ్వాన్-ల: వేసుకున్నాడు
ఛ్వాన్-గ్వొ: ఒకప్పుడు వేసుకున్నాడు, ఇప్పుడు ఒంటి మీద లేదు
మేయ్ ఛ్వాన్: వేసుకోలేదు
బు ఛ్వాన్ ల: ఇక వేసుకోడు

ఆరూ తెలుగులో తడుముకోకుండా వేరువేరుగా చెప్పగలిగితే తేడా మీ బుర్రలో ఉన్నట్టే. తర్వాత క్రియ మార్చండి. కొన్ని క్రియలకు ఆరింటిలో ఒకటో రెండో అసలు రావు: ఛ్యు (వెళ్ళడం)కి జ రాదు, జిదావ్‌కి ౙై రాదు. ఏది రాలేదో, ఎందుకు రాలేదో పక్కన రాయండి. అసలు నేర్చుకునేది అక్కడే.

రాసిన పేరా దిద్దుకునేటప్పుడు వరుసగా ఇలా చూడండి. "మేయ్" ఉన్న వాక్యాల్లో క్రియ పక్కన "ల" ఉంటే తీసెయ్యండి. తర్వాత "-ఏవాణ్ణి" వాక్యాలు, స్థితి చెప్పేవి చూసి అక్కడా తీసెయ్యండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ఉన్నవాటిని షి... ద లోకి మార్చండి. మిగిలిన "ల"లలో కర్మకు లెక్క ఉంటే క్రియ పక్కకు, లేకపోతే చివరికి జరపండి. మొదట్లో సగానికి సగం "ల"లు ఎగిరిపోతాయి. కంగారుపడకండి, తక్కువ పెట్టిన వాక్యం అతిగా పెట్టినదానికన్నా సహజంగా ఉంటుంది.

ఇక మీ నాలుగో వాక్యం. హైదరాబాదులో ఉంటున్నాను. ఆ "ఉంటున్నాను" చూసి ముందు ఒక ౙై పెట్టారు, "లో" కోసం వెనుక ఇంకోటి పెట్టారు. మొదటిది కొట్టెయ్యండి: "వొ జు ౙై హైదలాబా". ఊరు మారి చాలా ఏళ్ళయిందని కూడా చెప్పాలనుకుంటే: "వొ ౙై హైదలాబా జు-ల హన్ దువొ న్యెన్ ల". ఇందులో మొదటి "ల" ఏది, రెండోది ఏది, తెలుగులో "ఏళ్ళుగా"లోని "గా" ఎక్కడికి వెళ్ళిందో మీరే పట్టుకోండి.